ఇంట్లో మాల్ట్‌తో బీరు – నాలుగవ పాఠం: మర, ఉష్ణమాపకం, మాష్ వేడి

గత మూడు పాఠాలలో డబ్బాల్లో దొరికే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) పాకంతో పని లేకుండా, ఆ గింజలతోనే బీరు కాచే పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చూశాము. ఆ పద్ధతిని మెరుగుపరచుకొనే పని ఈ పాఠంతో మొదలవుతుంది. ఈ పాఠాలు అమెరికాలో స్థిరపడిన తెలుగువారిని ఉద్దేశించినవి. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల అక్కడ పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి ఉన్న ఇంట్లో 200 గ్యాలన్లు సొంత వాడకానికి పన్ను లేకుండా కాచుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజు చట్టాల ప్రకారం నేరం కాబట్టి, అక్కడి పాఠకులు దీనిని తెలుసుకోవడానికి మాత్రమే చదవాలి.

రెండు మూడు సార్లు కాచిన తరువాత చాలామంది పెద్ద కెటిల్ (కాచే పాత్ర), పంపు, విద్యుత్ నియంత్రణ పెట్టె కొనడానికి సిద్ధపడతారు. నా అభిప్రాయంలో ఆ డబ్బు ఖర్చు చేయడానికి ముందు గింజ ఎలా పగులుతోంది, మాష్ (పగిలిన గింజ, వేడినీరు కలిపిన మిశ్రమం) ఏ వేడిలో నిలుస్తోంది అనే రెండు విషయాలు చేతికి రావాలి. ఇవి కుదరకపోతే ఎంత ఖరీదైన పాత్రలోనైనా బీరు ఒక్కో విడతకు ఒక్కో రకంగా వస్తుంది.

మొదట మర సంగతి. గింజ లోపలి పిండిపదార్థం నీటికి అందాలంటే గింజ పగలాలి. కానీ తరువాత వోర్ట్‌ను (మాష్ నుంచి దిగే తీపి ద్రవాన్ని) వడకట్టేది ఆ గింజ పొట్టే కాబట్టి, పొట్టు వీలైనంత వరకు చెదరకుండా మిగలాలి. ఈ రెండు అవసరాలూ తీరాలంటే మిక్సీ పనికిరాదు, ఎందుకంటే దాని బ్లేడు పొట్టును కూడా పొడి చేసి, వడపోత పూర్తిగా ఆగిపోయేలా చేస్తుంది. రెండు రోలర్ల మధ్య గింజ నలిగే చిన్న మర కొనుక్కోవడమే ఈ దశలో డబ్బుకు తగిన ఫలితమిచ్చే మొదటి కొనుగోలు. రోలర్ల మధ్య సందును ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్నని లోహపు రేకులతో) కొలిచి సుమారు 1 మిల్లీమీటరు దగ్గర మొదలుపెట్టండి. సంచిలో గింజ వేసి కాచేవారు దానిని 0.7 దాకా తగ్గించవచ్చు. పగిలిన మాల్ట్‌ను గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద పరచి చూస్తే, పూర్తిగా పగలని గింజ ఒకటి కూడా కనబడకూడదు, లోపలి భాగం ఇడ్లీ రవ్వలాగా ఉండాలి, పొట్టు మాత్రం విచ్చుకొని దాదాపు మొత్తంగా నిలవాలి. పొట్టు ఎక్కువగా చితుకుతుంటే, మర పట్టడానికి పది నిమిషాల ముందు 5 కిలోల గింజకు 100 మిల్లీలీటర్ల నీరు పిచికారీ చేసి చేత్తో కలపండి. ఆ కొద్దిపాటి తేమకే పొట్టు మెత్తబడి సాగుతుంది, లోపలి భాగం పొడిగానే ఉండి చక్కగా పగులుతుంది.

ఇక వేడి. మాల్ట్‌లో పిండిపదార్థాన్ని చక్కెరలుగా మార్చే ముఖ్యమైన ఎంజైములు రెండు. బీటా అమైలేజ్ 60–65 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఆల్ఫా అమైలేజ్ 68–72 మధ్య చురుకుగా పనిచేస్తాయి. మాష్‌ను 64 వద్ద నిలిపితే ఈస్ట్ తినగలిగే చక్కెరలు ఎక్కువై బీరు తీపి తక్కువగా, తేలికగా వస్తుంది. 69 వద్ద నిలిపితే పులియని చక్కెరలు మిగిలి చిక్కగా ఉంటుంది. అంటే కొద్ది డిగ్రీల పొరపాటుతోనే మీరు తలపెట్టిన బీరు మరొక బీరుగా మారిపోగలదు.

అందుకే గింజలో పోసే నీటి వేడిని ఊహించకుండా లెక్కకట్టాలి. కావలసిన మాష్ వేడి నుంచి గింజ వేడిని తీసివేసి, వచ్చిన దానిని 0.41తో హెచ్చించి, కిలో గింజకు ఎన్ని లీటర్ల నీరు వాడుతున్నారో ఆ సంఖ్యతో భాగించి, ఫలితాన్ని కావలసిన మాష్ వేడికి కలపండి. ఉదాహరణకు 5 కిలోల గింజ 20 డిగ్రీల వద్ద ఉంది, 15 లీటర్ల నీరు పోస్తున్నారు, మాష్ 67 వద్ద నిలవాలి అనుకుంటే, నీరు 73.4 డిగ్రీలు ఉండాలి. అదే గింజ చలికాలంలో గరాజ్‌లో 8 డిగ్రీలకు చల్లబడి ఉంటే 75 దాటాలి. ఈ లెక్కలో పాత్ర తాగే వేడి లేదు కాబట్టి, కూలర్‌ను (ఐసు పెట్టుకొనే మూతపెట్టెను) మాష్ పాత్రగా వాడేవారు ముందుగా అందులో మరిగే నీరు కొంత పోసి, మూత పెట్టి, పది నిమిషాల తరువాత పారబోయాలి.

ఉష్ణమాపకమే తప్పు చూపిస్తే ఈ లెక్క వృథా. దంచిన మంచుగడ్డలు, నీరు కలిపిన గ్లాసులో అది 0 చూపాలి, మరిగే నీటిలో 100 చూపాలి. సముద్రమట్టం నుంచి ప్రతి 300 మీటర్ల ఎత్తుకు మరిగే స్థానం సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది కాబట్టి, డెన్వర్‌లో ఉన్నవారికి 95 దగ్గరే నీరు మరుగుతుంది. అక్కడ ఉష్ణమాపకాన్ని తప్పుపట్టకూడదు.

అమెరికన్ లాగర్ అనే తేలికపాటి బీరు పద్ధతిలో బియ్యం కలపదలచినవారికి మన వంటింటి సరుకు ఒకటి చక్కగా ఉపయోగపడుతుంది. బియ్యపు పిండిపదార్థం ఉడకడానికి సాధారణంగా మాష్ వేడి చాలదు, అందువల్ల బియ్యాన్ని వేరుగా వండి కలపవలసి వస్తుంది. అటుకులు తయారీలోనే వేడి తగిలి ఉడికినవి కాబట్టి, వాటిని మర పట్టకుండా నేరుగా మాష్‌లో వేయవచ్చు. 5 కిలోలలో ఒక కిలో మించనీయకండి. వాటికి పొట్టు లేదు కనుక వడపోత నెమ్మదిస్తుంది. బ్రూయింగ్ దుకాణాలలో అమ్మే శుభ్రమైన వరి ఊక రెండు గుప్పెళ్ళు కలిపితే ఆ ఇబ్బంది తీరుతుంది.

మర, వేడి సరిగా ఉన్నాయో లేదో చెప్పేది రాబడి లెక్క. మంచి పేల్ (లేత రంగు) మాల్ట్ కిలో నుంచి దాదాపు 300 పాయింట్లు (సాంద్రతలో 1.000 పైన ఉన్న వేయవ వంతులను లీటర్లతో హెచ్చించిన సంఖ్య) రాగలవు, అంటే 5 కిలోలకు 1500. చల్లార్చిన తరువాత 22 లీటర్ల వోర్ట్ 1.050 సాంద్రత చూపితే, 50ని 22తో హెచ్చించగా 1100 పాయింట్లు చేతికి వచ్చాయి. రాబడి 73 శాతం. ఒకసారి 80, మరొకసారి 62 రావడం కంటే ప్రతిసారీ 70 దగ్గర నిలవడం ఎంతో మేలు, ఎందుకంటే అప్పుడే వంటకం కాగితం మీద రాసుకున్నట్టు కెటిల్‌లో నిలుస్తుంది. రాబడి 65కు దిగువన ఉంటే ముందు మర సందును 0.1 మిల్లీమీటరు తగ్గించి చూడండి. మిగతావేవీ అదే విడతలో మార్చవద్దు.

తరువాతి పాఠంలో నీటిని, స్పార్జ్‌ను (గింజలో మిగిలిన చక్కెరను వేడినీటితో కడిగి దించడాన్ని) తీసుకుంటాము. దానికి ముందు ఒక విడత కాచి, రోలర్ల సందు, గింజ వేడి, పోసిన నీటి వేడి, మాష్ మొదట్లోనూ గంట తరువాతా చూపిన వేడి, చివరి లీటర్లు, సాంద్రత నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలోని లెక్కలు ఆ అంకెలతోనే మొదలవుతాయి.