ఆకలి పాఠాలు – 4: అతికించిన ఎలుకల లెక్క

పోయిన పాఠం చివర ఇచ్చిన ఎలుకల లెక్క చాలామంది తప్పారు. ఇవాళ చెప్పాల్సిన జీఎల్‌పీ-1 అనే పేగు హార్మోన్‌ని అందుకే వచ్చేసారికి జరిపాను. ఈ లెక్క రానివాళ్లకు అది చెబితే మందుల దుకాణం కబురులా ఉంటుంది.

అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ ల్యాబొరేటరీలో ఆగకుండా తిని ఒళ్లు పెంచుకునే చుంచెలుకలు రెండు రకాలుండేవి. ఒకటి ఓబీ, రెండోది డీబీ. అక్కడి శాస్త్రవేత్త డగ్లస్ కోల్‌మన్ ఎలుకలను జంటలుగా పక్కపక్కన చేర్చి కుట్టాడు. అలా కుడితే ఒకదాని రక్తం కొద్దికొద్దిగా రెండోదానిలోకి చేరుతుంది. డీబీతో కుట్టిన మామూలు ఎలుక తిండి మానేసి చచ్చింది. మామూలు ఎలుకతో కుట్టిన ఓబీ తిండి తగ్గించి చిక్కింది. మరి ఓబీని డీబీతో కుడితే?

‘రెండూ లావే కదా, రెండూ తింటూనే ఉంటాయి’ అని మీలో చాలామంది రాశారు. కాదు. ఓబీ తిండి మానేసి చచ్చింది, డీబీ నిక్షేపంగా తింటూనే ఉంది. మీరు ఎలుకను చూశారు, తిండి తగ్గించమని రక్తంలో పోయే కబురును చూడలేదు. ఓబీకి కబురు పంపడం రాదు, అందితే వింటుంది. డీబీ బోలెడంత పంపుతుంది, దానికి వినే రిసెప్టరే పనిచేయదు. నేనైతే పేర్లు బట్టీ పట్టను, కాగితం మీద పంపేవాడికీ వినేవాడికీ మధ్య బాణం గీసి, అది ఎక్కడ తెగిందో చూస్తాను. కోల్‌మన్ ఇలాగే ఆలోచించి, ఆ కబురు మోసే పదార్థం కంటికి కనపడకముందే అది ఉండి తీరాలన్నాడు. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఓబీ జన్యువును పట్టుకుంది. కొవ్వు కణాలు పంపే ఆ హార్మోనే లెప్టిన్.

ఇక నాకు ఒళ్లు మండే మాట: ‘లెప్టిన్ అంటే కడుపు నిండిందని చెప్పే హార్మోన్.’ విస్తరి ముందు నుంచి మిమ్మల్ని లేపడం దాని పని కాదు. భోజనం మధ్యలో చాలనిపించేది పేగు నుంచి వచ్చే సీసీకే వంటి హార్మోన్లు, అవి నిమిషాల్లో పనిచేస్తాయి. లెప్టిన్ బియ్యం డబ్బాలో, అంటే ఒంట్లో దాచిన కొవ్వులో, ఇంకా ఎంతుందో చెబుతుంది. డబ్బా తరిగితే మెదడు గట్టిగా కంగారు పడుతుంది, నిండుగా ఉంటే పెద్దగా పట్టించుకోదు. లావుగా ఉన్నవాళ్ల రక్తంలో మామూలుగా లెప్టిన్ ఎక్కువే ఉంటుంది. ఇంజెక్షన్‌గా ఇంకా ఇస్తే అంతగా ఫలితం ఉండదు. పుట్టుకతో అసలు లెప్టినే లేనివాళ్ల సంగతి వేరు. 1997లో కేంబ్రిడ్జి పరిశోధకులు అలాంటి ఇద్దరు పిల్లలను వర్ణించారు. అందులో ఎనిమిదేళ్ల పాప 86 కిలోలు. అలాంటి పిల్లలకు లెప్టిన్ ఇస్తే ఆకలి దిగుతుంది. ఇది ఓబీ ఎలుక కథే కదా!

పస్తుంటే లెప్టిన్ కొవ్వు కరిగే లెక్కకంటే ముందే పడిపోతుంది. మెదడులో ఆకలిని చూసే హైపోథాలమస్‌లోని ఏజీఆర్‌పీ కణాలు, అంటే ఆకలి పెంచే కణాలు, లేస్తాయి, తిండి తప్ప వేరే ధ్యాస ఉండదు, ఒళ్లు ఖర్చు కూడా తగ్గిస్తుంది. డైటింగ్ చేసి తగ్గిన బరువు మళ్లీ ఎందుకెక్కుతుందో ఇక్కడ కొంత తెలుస్తుంది. ఏకాదశి ఉపవాసమున్నవాళ్లు ఒక సంగతి గమనించే ఉంటారు: రోజూ తినే వేళకు నకనకలాడి, ఆ వేళ దాటాక ఆకలి సర్దుకుంటుంది. 1999లో జపాన్‌లో కోజిమా, కంగావా కనిపెట్టిన గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ పని అది. కడుపులో పుట్టి, అలవాటైన వేళకు పెరిగి, తినకపోయినా దిగుతుంది.

అభ్యాసం. ఒక ఎలుకకు లెప్టిన్ ఉంది, దాని రిసెప్టరూ ఉంది, కానీ మెదడులో దాని తర్వాతి మెట్టైన ఎంసీ4ఆర్ అనే మరో రిసెప్టర్ పనిచేయదు. దాని రక్తంలో లెప్టిన్ ఎక్కువా, తక్కువా? దాన్ని ఓబీతో కుడితే ఏది చిక్కుతుంది? డీబీతో కుడితే? జవాబు రాసే ముందు బాణాలు గీయండి. బాణాలు లేని జవాబులు చూడను.