నాలుగు మీటర్ల గోడ చార్టు మీద మన విదేశాంగ చరిత్ర

గ్రూప్స్‌కు చదివే పిల్లలకు చైనాతో పంచశీల ఒప్పందం 1954 అని తెలుసు, చైనా యుద్ధం 1962 అని తెలుసు. ఆ ఎనిమిదేళ్లలో ఏం చెడిందని అడిగితే మాత్రం నోరు పెగలదు. నోట్సులో తేదీలు ఒకదాని కింద ఒకటి ఉంటాయే గాని వాటి మధ్య ఎడం కనబడదు. అది కనబడాలంటే గోడంత చార్టు కావాలి. కడపలో ఏ లైబ్రరీ గదిలోనైనా, హైస్కూలు వరండాలోనైనా గీసుకోవచ్చు.

22 బై 28 అంగుళాల తెల్ల చార్టులు ఆరు తీసుకోండి. అడ్డంగా పరిచి, అతుకు దగ్గర 2 సెం.మీ. ఒకదాని మీదొకటి ఎక్కిస్తే 416 సెం.మీ. పొడవు వస్తుంది. ఏడాదికి 5 సెం.మీ. చొప్పున 1947 నుంచి 2025 దాకా 395 చాలు, మిగిలింది అంచులకు. ప్రతి ఏడాదినీ ఎడమ వైపు మొదటి గీత నుంచే కొలవండి. స్కేలు జరుపుకుంటూ పోతే ఏడాదికి అర మిల్లీమీటరు తేడా వచ్చినా చివరికి దాదాపు 4 సెం.మీ. తప్పుతుంది.

సెల్లోటేపు మన ఎండలకు నిలవదు. మైదా బంకే మేలు. అందులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. అది విషం కాబట్టి అతికించే పని పెద్దవాళ్లే చేయాలి.

56 సెం.మీ. ఎత్తును మూడు పట్టీలు చేయండి. పైన 18 బయటి ప్రపంచానికి, నడుమ 20 ఢిల్లీ నిర్ణయాలకు, అడుగున 18 మన జిల్లాకు. ముందు పై పట్టీనే నింపాలి. నడుమ పట్టీతో మొదలుపెడితే ప్రతి మలుపూ ఒక ప్రధాని ఇష్టాయిష్టాల వల్ల వచ్చినట్టు కనిపిస్తుంది.

నడుమ పట్టీలో దేశానికో రంగు: రష్యాకు ఎరుపు, అమెరికాకు నీలం, పాకిస్తాన్‌కు ఆకుపచ్చ, చైనాకు నారింజ. పసుపు వద్దు, దూరానికి కనబడదు. గీత పైకి పోతే సఖ్యత, దిగితే ఎడబాటు. మిత్రులకొక రంగు, శత్రువులకొక రంగు పెడితే 1962 దగ్గరికే చార్టు చెడిపోతుంది. చైనా గీత 1954లో పైన ఉండి, 1959లో దలైలామా టిబెట్ వదిలి మన దేశానికి వచ్చాక జారి, 1962 అక్టోబరు 20న అడుగుకు పడుతుంది. సరిగ్గా అక్కడే నీలం గీత లేస్తుంది, నెహ్రూ అమెరికా అధ్యక్షుడు కెన్నెడీని సాయం అడిగారు గనుక. ఏ కూటమిలోనూ చేరని మన అలీన విధానమంటే తటస్థంగా కూర్చోవడం అనుకుని గీతలన్నీ నడిమధ్యన గీసేవాళ్లు ఈ కదలికను పోగొట్టుకుంటారు.

ఇరుకయ్యే చోటు 1971. జులైలో అమెరికా అధ్యక్షుడి సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ నుంచి రహస్యంగా బీజింగ్ వెళ్లొచ్చాడు. ఆగస్టు 9న మనం సోవియట్‌తో ఒప్పందం చేసుకున్నాం. సంప్రదింపులు అంతకు ముందే ఉన్నా, తొందరపెట్టింది ఆ ప్రయాణమే. డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం. ఇదంతా 2 సెం.మీ. లోపల పట్టాలి. నేరుగా రాయకుండా 3 బై 5 సెం.మీ. చీటీలు కోసి, సన్నని గీతలతో ఎత్తు మార్చి మార్చి అతికించండి.

అమెరికాతో అణు ఒప్పందం లాంటివాటికి చుక్క పెట్టొద్దు, పట్టీ గీయండి. 2005 జులై ప్రకటన నుంచి 2008 అక్టోబరు సంతకం దాకా మూడేళ్లు పట్టింది.

మన జిల్లా పట్టీకి, ఇక్కడివాళ్లు పనికి పోయిన కువైట్ చాలు. 1961 దాకా అక్కడ చెల్లింది మన రూపాయే. 1959 నుంచి రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే నోట్లు అచ్చువేసింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ ఆక్రమించాక సుమారు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో తెచ్చారు, ఎక్కువ మందిని అమ్మాన్ మీదుగా. చమురు ధర పెరిగింది, గల్ఫ్ డబ్బు తగ్గింది. విదేశీ మారకం అడుగంటి 1991 జులైలో దాదాపు 47 టన్నుల బంగారం కుదువకు పోయింది. ఇరాక్ దాడి పైన, బంగారం నడుమ, తిరిగొచ్చినవాళ్లు అడుగున, ఈ మూడింటినీ మూడు పట్టీల్లో ఒకే 5 సెం.మీ. లోపలికి తెస్తే పిల్లలకు వేరే పాఠం అక్కర్లేదు.

రాయచోటి, రాజంపేట వైపు కువైట్ నుంచి వచ్చిన పెద్దాయన్ని అడిగేటప్పుడు "ఏ సంవత్సరం వచ్చినావు తాతా" అనకండి, ఏడాది అటూ ఇటూ అవుతుంది. "సద్దాం గొడవకు ముందా, తర్వాతా" అనండి. పాత పాస్‌పోర్టు ఉంటే దాని ముద్రతో సరిచూడండి. జిరాక్సు అతికిస్తే పేరు, నంబరు కప్పేయాలి.

2020 తర్వాతి గీతలు పెన్సిల్‌తోనే ఉంచండి. 2020లో లద్దాఖ్‌లోని గల్వాన్ ఘర్షణ దగ్గర పడిన నారింజ గీత 2024 అక్టోబరు సరిహద్దు గస్తీ ఒప్పందంతో కాస్త లేచింది, ఎక్కడ నిలుస్తుందో ఇంకా తేలలేదు.