పడవ పగులుకు ఏ ఎపాక్సీ, అందులో ఏ పౌడర్

వినాయక నిమజ్జనం అయిన రెండు మూడు వారాలకు నా షెడ్డుకు పడవలు రావడం మొదలవుతుంది. హుస్సేన్ సాగర్‌లో ఎంత శుభ్రం చేసినా విగ్రహాల ఇనుప చువ్వలు ఎక్కడో ఒకచోట మిగులుతాయి. పిల్లలు నడిపే చిన్న తెరచాప పడవ ఆప్టిమిస్ట్, దాని డ్యాగర్‌బోర్డు (పడవ మధ్యలోంచి నీళ్లలోకి దింపే పలక) వాటికి తగిలితే బోర్డు అంచు చిట్లుతుంది. దెబ్బ గట్టిదైతే బోర్డు దిగే పెట్టె మూల కూడా పగులుతుంది.

పోయినేడు ఒకాయన తన కొడుకు పడవను ట్రాలీ ఆటోలో వేసుకొచ్చి దించాడు. పగులు మీద ఇంట్లో పైపులకు పెట్టే ముద్ద, దాని మీద కారు లప్పం, ఆపైన తెల్ల పెయింటు. "మూడుసార్లు పూశానండీ, మళ్లీ అక్కడే కారుతోంది" అన్నాడు. స్క్రూడ్రైవర్ మొన దూర్చి లేపితే మొత్తం ఒక్క పెచ్చుగా ఊడి చేతిలోకి వచ్చింది. లోపలివైపు ఇంకా తడిగానే ఉంది. బొటనవేలితో నొక్కితే సుద్దలా రాలింది. కారు లప్పం అంటే పాలియెస్టర్ రెజిన్‌లో (గట్టిపడే జిగురు ద్రవంలో) టాల్క్ కలిపిన ముద్ద. రోడ్డు మీద తిరిగే బండికి అది బాగానే ఉంటుంది, నీళ్లలో నానే చోట మాత్రం మెల్లగా నీరు పీల్చుకుంటుంది. ఆ రోజు ఆయన పక్కన కూర్చుని చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ముందు రెజిన్. ఇక్కడ చూసేవి రెండు, పాలియెస్టర్, ఎపాక్సీ. మా నాన్న మూసాపేటలో ఫైబర్ వాటర్ ట్యాంకులు చేసేవాడు, అంతా పాలియెస్టరే. చలికాలం కాటలిస్ట్ రెండు మూతలు, ఎండాకాలం ఒక మూత, అలా చేతి అంచనాతో నడిచేది. పాలియెస్టర్‌లో అది చెల్లుతుంది, ఎందుకంటే కాటలిస్ట్ పని మొదలుపెట్టేది మాత్రమే. వందకు ఒకటి నుంచి రెండు పాళ్ల మధ్య అటూ ఇటూ అయినా రెజిన్ గట్టిపడుతుంది. ఎపాక్సీలో రెజిన్‌కు కలిపే రెండో ద్రవం, హార్డ్‌నర్, దాని సంగతి వేరు. అది రెజిన్‌తో కలిసి గట్టిపడే పదార్థంలోనే భాగమైపోతుంది. తక్కువైతే రెజిన్ మిగిలిపోతుంది, ఎక్కువైతే హార్డ్‌నర్ మిగిలిపోతుంది, రెండు రకాలా పట్టు మెత్తగానే ఉండిపోతుంది. "తొందరగా ఆరాలి, ఇంకో చెంచా వేద్దాం" అనే అలవాటు ఫైబర్ పని నుంచి వచ్చిన ప్రతివాడికీ ఉంటుంది, దాన్ని మొదటిరోజే మానుకోవాలి. తొందర కావాలంటే ఫాస్ట్ హార్డ్‌నర్ కొనాలి, అంతే.

ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. పాత పాలియెస్టర్ పడవ మీద ఎపాక్సీ బాగా పడుతుంది. గట్టిపడిన ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టదు. ఒకసారి ఎపాక్సీ వేశామంటే ఆ చోట తర్వాత వచ్చే మరమ్మతు కూడా ఎపాక్సీతోనే చేయాలి.

మరి అన్నిటికీ ఎపాక్సీయేనా? కాదు. హిమాయత్ సాగర్ దగ్గర చేపలు పట్టే తమ్ముడు ఒకడు రేటు విని, "అన్నా, కిలోకు గింతనా? మాకెట్ల కుదురుతది?" అన్నాడు. వాడిది మందమైన ఫైబర్ పడవ, అడుగు మొత్తం అరిగిపోయింది. అంత వెడల్పుకు ఎపాక్సీ వద్దని నేనే చెప్పాను. గ్రైండర్‌తో గరుకు చేసి పాలియెస్టర్‌తో గాజుపోగు మ్యాట్ వేసుకోమన్నాను. ముందుభాగంలో లాగుడు తాడు కట్టే చోట మాత్రం ప్రతి ఏడూ పగులుతోందంటే అక్కడ ఎపాక్సీ పెట్టాం. జోడింపు చిన్నగా ఉండి లాగుడు ఎక్కువున్న చోట ఎపాక్సీ ఖర్చు దండగ కాదు.

కొనేటప్పుడు బ్రాండు కన్నా నిష్పత్తి, పాట్ లైఫ్ (కలిపాక గట్టిపడేలోగా వాడుకోగల సమయం) ముందు అడగండి. ఇక్కడ ఎక్కువగా దొరికేది ఆరల్డైట్ ఎల్‌వై 556. దానికి హెచ్‌వై 951 హార్డ్‌నర్ తూకంలో వందకు పది. పడవల కోసమే చేసిన వెస్ట్ సిస్టమ్ లాంటివి అయిదుకు ఒకటి, హార్డ్‌నర్ మారితే మూడుకు ఒకటి. ఆ లెక్క తూకంలోనా, కొలత కప్పులోనా అన్నది తప్పకుండా చూసుకోవాలి. రెజిన్ కన్నా హార్డ్‌నర్ తేలిక కాబట్టి రెండూ ఒకటి కావు. ఒకసారి రాణిగంజ్ వైపు ఒక దుకాణంలో లేబుల్ లేని సీసాల్లో లూజుగా పోసి ఇచ్చారు, నోటితో "అయిదుకు ఒకటి" అన్నారు. మూడు రోజులైనా వేలికి అంటుకుంటూనే ఉంది. గీకి, అసిటోన్‌తో తుడిచి, మళ్లీ గ్రైండ్ చేయడానికి రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి సీలు డబ్బా, దానితోపాటు కంపెనీ డేటా షీటు లేకుండా నేను కొనను. వంటింటి డిజిటల్ కాటా ఒకటి ఈ పనికే విడిగా పెట్టుకున్నాను. ఒక గ్రాము తేడా చూపించేదైతే చాలు, కానీ వంద గ్రాములకు తక్కువ కలపవద్దు. కొద్దిలో చిన్న తప్పు కూడా పెద్దదవుతుంది.

రెజిన్ ఆర్ట్ కోసం అమ్మేవి కొనుక్కొచ్చి "ఇదీ ఎపాక్సీయే కదా" అని అడిగేవాళ్లు చాలామంది. అవి నీళ్లలా పలచగా పారడానికి, లోతుగా పోసినా వేడెక్కకుండా మెల్లగా గట్టిపడటానికి చేసినవి. గాజుపోగు గుడ్డను తడిపి పడవకు బలమిచ్చే పని వాటిది కాదు. అయిదు నిమిషాల ఎపాక్సీ కూడా వద్దు. నీళ్లలో నానినా, ఎండకు వేడెక్కినా దాని పట్టు సడలుతుంది.

మన ఊళ్లో హార్డ్‌నర్ ఏదో తేల్చేది ఎండే. డబ్బా మీద రాసే పాట్ లైఫ్ సాధారణంగా 25 డిగ్రీల లెక్క. పది డిగ్రీలు పెరిగితే ఆ సమయం దాదాపు సగమవుతుంది. డబ్బా మీద 30 నిమిషాలని ఉంటే, మే నెలలో 40 డిగ్రీల రేకుల షెడ్డులో మీ చేతిలో ఉండేది పది నిమిషాలు. అదీ కొద్దిగా కలిపితే. ఎపాక్సీ గట్టిపడేటప్పుడు తనంతట తాను వేడెక్కుతుంది, కప్పులో ముద్దగా ఉంటే ఆ వేడికి బయటకు దారి ఉండదు. ఒక మే నెలలో, తొందరలో, నాలుగు వందల గ్రాములు ఒకే ప్లాస్టిక్ మగ్గులో కలిపాను. గుడ్డ కత్తిరించి తిరిగి చూసేసరికి మగ్గు పట్టుకోలేనంత వేడి. ఇంకో నిమిషానికి తెల్లటి ఘాటైన పొగ, మగ్గు ఒక పక్కకు వంగిపోయింది. పరుగున బయటి ఇసుకలో పెట్టి, చల్లారేదాకా పక్కకు ఎవరినీ రానివ్వలేదు. ఇప్పుడు కలిపింది కలిపినట్టే వెడల్పు ట్రేలో పరిచేస్తాను, పలచగా ఉంటే వేడి పోతుంది. మార్చి నుంచి జూన్ దాకా స్లో హార్డ్‌నరే వాడతాను. గుడ్డ వేసే పని తెల్లవారుజామున, చెక్క మీద పూత సాయంత్రం. పొద్దున ఎండ ఎక్కుతుంటే చెక్కలోని గాలి వ్యాకోచించి పూతలో బుడగలు లేస్తాయి. సాయంత్రం చల్లబడే చెక్క రెజిన్‌ను లోపలికి లాక్కుంటుంది.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో దీనికి పూర్తిగా తిరగబడుతుంది, ఫాస్ట్ హార్డ్‌నర్ కావాలి. చలికి రెజిన్ డబ్బాలో పేరిన నెయ్యిలా తెల్లగా పలుకులు కడితే పారేయకండి. డబ్బాను వేడినీళ్లలో ఉంచి పూర్తిగా తేటపడ్డాక వాడుకోవచ్చు.

ఇక పౌడర్లు, అంటే రెజిన్‌ను చిక్కబరచడానికి కలిపేవి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. "గట్టిది ఏదో చెప్పండి, అదే అన్నిచోట్లా వేస్తా" అంటారు. ఆ చోటు బరువు మోసేదా, ఆకారం నింపేదా అన్నది ముందు తేల్చుకోవాలి.

సిలికా పౌడర్, ఏరోసిల్ లేదా క్యాబోసిల్ పేరుతో అమ్మేది, మొదట కొనవలసింది. కిలో సంచీ దిండంత ఉంటుంది, ఎత్తితే బరువే తెలియదు. ఒక్క గ్రాము పొడిలోని రేణువుల ఉపరితలం విప్పి పరిస్తే సుమారు రెండు వందల చదరపు మీటర్లు. అందుకే చిటికెడు వేసినా రెజిన్ చిక్కబడి, నిలువు గోడ మీద కూడా జారకుండా నిలబడుతుంది. అతికించడానికి, మూలలు నింపడానికి ఇది మంచిది. గట్టిపడ్డాక మాత్రం ఎమెరీ పేపర్‌కు లొంగదు. వెడల్పు గుంటను సిలికాతోనే నింపితే రెండు రోజులు చెయ్యి అరిగిపోతుంది, చుట్టూ ఉన్న మెత్తని జెల్‌కోట్ (పడవ పైపూత) ముందే అరిగి ఆ చోట గుంట పడుతుంది.

గాజు బుడగలు, అంటే మైక్రోబెలూన్లు, తెల్లగా మెత్తటి పిండిలా ఉంటాయి. ఫినాలిక్ రకమైతే ఇటుకపొడి రంగు. గాజు రకంలో సాంద్రత, నీటిది 1 అనుకుంటే, 0.12 నుంచి 0.6 దాకా దొరుకుతుంది, కాబట్టి నింపినా పడవ బరువెక్కదు. ఆప్టిమిస్ట్ ఖాళీ బరువు 35 కిలోలే. దానిలో అరకిలో లప్పం పెరిగినా పదేళ్ల పిల్లకు పందెంలో తేడా తెలుస్తుంది. ఈ లప్పానికి ఎమెరీ పెడితే సున్నంలా దిగుతుంది. బలం అడగకూడదు. బోల్టు పట్టే చోట, బోర్డు పెట్టె మూలలో, గుడ్డ కింద అతుకుగా ఇది వేయడం పెద్ద తప్పు. వాటర్‌లైన్ కింద, అంటే నీళ్లలో మునిగే భాగంలో, వేస్తే పైన వట్టి ఎపాక్సీ రెండు పూతలు పడాలి. ఒంటరిగా వేస్తే కిందికి జారుతుంది, అందుకని కొంచెం సిలికా కలుపుతాను.

నూరిన గాజుపోగు, మిల్డ్ ఫైబర్ అంటారు, బోల్టు రంధ్రాలకు. చుక్కాని బిగించే రంధ్రం వదులైతే పెద్దగా తొలిచి, సిలికాతో పాటు దీన్ని కలిపి నింపి, గట్టిపడ్డాక మళ్లీ అసలు సైజుకు డ్రిల్ చేయాలి. పాత చెక్క పడవలకు నూలు పీచుపొడి బాగా అతుకుతుంది. రంపపుపొట్టు జల్లెడపట్టి కలిపేవాళ్లున్నారు, కనిపించని మూలకు ఫరవాలేదు.

చిక్కదనం మన వంటింటి లెక్కలో చెబుతాను. చెక్కకు తొలిపూత వట్టి రెజిన్, పాకంలా. గుడ్డ కింద పూయడానికి దోశపిండి. రెండు ముక్కలు అతికించడానికి బజ్జీల పిండి. మూల నింపడానికి, గుంట పూడ్చడానికి గారెల పిండి, చెంచా బోర్లించినా పడకూడదు. ముందు రెజిన్, హార్డ్‌నర్ రెండు నిమిషాలు అంచులు గీకుతూ కలిపి, వేరే కప్పులోకి మార్చి మళ్లీ కలిపి, ఆ తర్వాతే పౌడర్ వేయాలి. పౌడర్ ముందు వేస్తే హార్డ్‌నర్ అంతటా కలవదు. అనుమానముంటే పాత టైలు ముక్క మీద ఒక ముద్ద పెట్టి నిలబెట్టి పది నిమిషాలు చూడండి.

ఆ పిల్లవాడి పడవకు చేసింది ఇది. పెచ్చు తీసి, లోపలి తడి చూడటానికి పారదర్శక పాలిథీన్ అంచులన్నీ టేపు వేసి అంటించి ఎండలో పెట్టాను. మర్నాడు లోపల నీటి చుక్కలు పట్టాయి. నాలుగో రోజుకు పట్టలేదు. ముందు అసిటోన్‌తో తుడిచి, తర్వాతే గ్రైండర్. ముందే గ్రైండర్ పెడితే పాత మైనం లోపలికి రుద్దుకుపోతుంది. అక్కడ ఫైబర్ మందం 3 మిల్లీమీటర్లు, కాబట్టి పగులు చుట్టూ 36 మిల్లీమీటర్ల దాకా వాలుగా అరగదీశాను. మందానికి పన్నెండింతల వాలు ఉంటే పట్టీ అంచున మళ్లీ పగలదు. వట్టి ఎపాక్సీ ఒక పూత, అది జిగురుగా ఉండగానే మూలలో సిలికా, మిల్డ్ ఫైబర్ గారెల పిండి చేసి చెంచా వెనకవైపుతో గుండ్రంగా లాగాను. వెంటనే దాని మీద మూడు పొరల బయాక్సియల్ (పోగులు రెండు దిక్కుల్లో ఉండే) గుడ్డ. ట్యాంకులకు వాడే చాప్డ్ మ్యాట్ దీనికి వద్దు. దాని పోగులను పట్టి ఉంచే బైండర్ పాలియెస్టర్‌లోని స్టైరీన్‌కు కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు, మ్యాట్ బిర్రుగా లేచి నిలబడుతుంది. మర్నాడు గాజు బుడగల లప్పం, తర్వాత వట్టి ఎపాక్సీ రెండు పూతలు, చివర రెండు డబ్బాల్లో వచ్చేవి కలిపి వాడే పాలీయురెథేన్ పెయింటు. పెయింటు తప్పనిసరి. వట్టి ఎపాక్సీ ఎండకు పసుపెక్కి సుద్దలా పొడి రాలుతుంది. రంగు తెల్లదే మేలు, ముదురు నీలం డెక్కు మే ఎండలో ఎపాక్సీ మెత్తబడే వేడికి చేరుతుంది.

జూలైలో రెగట్టా (పడవ పందేలు) ముందు పని పడితే గాలిలో తేమ ఎక్కువ. గట్టిపడిన పూత మీద మైనంలా జిడ్డు పొర వస్తుంది, చాలా హార్డ్‌నర్లకు ఇది మామూలే. థిన్నర్‌తో తుడిస్తే అటూ ఇటూ పూసుకుంటుంది. మామూలు నీళ్లు, స్కాచ్‌బ్రైట్ పెట్టి కడిగి, ఆరాక ఎమెరీ పట్టాలి. అది పోకుండా వేసిన తర్వాతి పూత ఏదైనా పెచ్చులూడుతుంది.

చేతులకు నైట్రైల్ గ్లౌజులు. నాతో పనిచేసిన కుర్రాడు ఏళ్లపాటు వట్టి చేతులతో కలిపాడు, ఇప్పుడు డబ్బా మూత తీస్తేనే మణికట్టు దాకా దద్దుర్లు లేస్తాయి, పని మానేయాల్సి వచ్చింది. ఒంటికి అంటితే థిన్నర్ వద్దు, సబ్బు, నీళ్లు. పౌడర్ కలిపేటప్పుడు, అరగదీసేటప్పుడు మాస్కు ఉండాలి.

ప్రతి కలుపులో కప్పులో మిగిలిన కొసరు మీద తేదీ, టైము రాసి పడవ పక్కనే పెడతాను. మర్నాడు ముందు దాన్ని గోరుతో నొక్కి చూస్తాను. గోరు దిగితే ఆ రోజు పడవను ముట్టుకోను.