పాత బండి ముందు చక్రాల బేరింగులను పరీక్షించి, బిగింపు సరిచేయడం ఎలా?

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా, ఆరుబయట నిలిపే బండ్లకు ఉప్పుగాలి వల్ల పట్టే తుప్పు మొదట బాడీ మీదే కనిపిస్తుంది. అంతకంటె ప్రమాదకరమైనది కంటికి కనిపించని చోట, ముందు చక్రాల హబ్బుల (చక్రం బిగించే మధ్య భాగాల) లోపల పడుతుంది. నీళ్లు నిలిచిన రోడ్ల మీద నడిపినప్పుడు గ్రీజు బయటికి, నీరు లోపలికి పోకుండా ఆపే ఆయిల్ సీల్ అరిగితే దాని పక్కనుంచి నీరు చేరి గ్రీజును పాడుచేస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు తడిసిన ఒక పాత వ్యాను హబ్బు విప్పినప్పుడు, గ్రీజు పాలు కలిపిన కాఫీ రంగుకు తిరిగి ఉండడం నేను చూశాను.

ఇక్కడ చెప్పే పద్ధతి ముందు హబ్బులో రెండు టేపర్ రోలర్ బేరింగులు (ఏటవాలు రోలర్లు ఉన్నవి), వాటిని పట్టి ఉంచే క్యాజిల్ నట్టు (అంచున గాడులున్న నట్టు), అది తిరగకుండా ఆపే స్ప్లిట్ పిన్ను ఉన్న పాత బండ్లకు మాత్రమే వర్తిస్తుంది. ఇంజను శక్తి ముందు చక్రాలకు వెళ్లే కార్లలో సాధారణంగా ఉండే సీల్డ్ బేరింగులకు సర్దుబాటు ఉండదు. అవి పాడైతే మార్చవలసిందే.

బండిని చదునైన గట్టి నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టాలి. సింహాచలం ఘాట్ దిగి వచ్చిన వెంటనే పని మొదలుపెట్టకూడదు, ఎందుకంటే బ్రేకుల వేడి హబ్బు దాకా పాకి ఉంటుంది. చక్రం నట్లను కొద్దిగా వదులు చేసి, జాకీతో లేపి, తప్పనిసరిగా స్టాండు మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద చెయ్యి పెట్టవద్దు.

ఇప్పుడు టైరును పైనా కిందా పట్టుకుని బండి లోపలి వైపుకూ బయటికీ ఊపాలి. మెకానిక్కులు ప్లే అని పిలిచే వదులు చేతికి తెలిస్తే, అది బేరింగుదేనని తొందరపడి నిర్ణయించకూడదు. ఒకరిని బ్రేకు పెడల్ తొక్కి పట్టుకోమని చెప్పి మళ్లీ ఊపినప్పుడు ఆ కదలిక మాయమైతే లోపం బేరింగులో ఉన్నట్టు, అలాగే ఉండిపోతే చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్ను లేదా బాల్ జాయింటు అరిగినట్టు. తరువాత చక్రాన్ని చేత్తో తిప్పుతూ, మరో చెయ్యి స్ప్రింగు మీద ఆనించి ఉంచితే, గరగరమనే బేరింగు కంపనం చెవికంటె ముందు వేళ్లకు తెలుస్తుంది.

గరగర ఉంటే బిగించడం వల్ల ప్రయోజనం లేదు, విప్పి చూడాలి. చక్రం, డిస్కు బ్రేకు ఉంటే కాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) తీసి, దుమ్ము మూత ఊడదీసి, స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు, వాషరు, బయటి బేరింగు, హబ్బు వరుసగా తీయాలి. కొన్ని పాత బండ్లలో ఒక వైపు నట్టుకు ఎడమ మర ఉంటుంది కాబట్టి బలప్రయోగానికి ముందు మర ఏ వైపో చూసుకోవాలి. పాత బ్రేకు దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, దాన్ని గాలితో ఊదకుండా తడి గుడ్డతో తుడవాలి. బేరింగులను కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరాక వెలుతురులో చూడాలి. రోలర్ల మీద గుంటలు, నీలి మచ్చలు, తుప్పు గీతలు కనిపిస్తే బేరింగుతోపాటు హబ్బులోని కప్పును (రోలర్లు దొర్లే బయటి వలయాన్ని) కూడా జతగా మార్చాలి. పాత కప్పులో కొత్త రోలర్లు ఎక్కువ కాలం నిలవవు. బేరింగు మీద చెక్కిన నంబరు రాసుకుని ఆటోనగర్ దుకాణాల్లో అడిగితే సరైనది దొరకడం తేలిక.

మంచి బేరింగులలో వీల్ బేరింగు గ్రీజును అరచేతిలో వేసుకుని, రోలర్ల మధ్య నుంచి అవతలికి పొంగే వరకు నొక్కి నింపాలి. పాత గ్రీజు మీద కొత్తది కలపవద్దు. హబ్బు మొత్తం గ్రీజుతో కూరితే వేడికి కరిగి బ్రేకుల మీదికి రావచ్చు. విప్పినప్పుడల్లా ఆయిల్ సీల్ కొత్తది వేయాలని నా గట్టి అభిప్రాయం.

అసలైన నేర్పు బిగింపులో ఉంది. విప్పిన భాగాలను తిరిగి అమర్చాక, హబ్బును తిప్పుతూనే, బేరింగులు చోటులో కూర్చునేందుకు, నట్టును మాన్యువల్ చెప్పిన మేరకు పానాతో బిగించి, పూర్తిగా వదిలి, ఈసారి వేళ్లతో మాత్రమే మళ్లీ తగిలేలా తిప్పాలి. పిన్ను రంధ్రం కుదరకపోతే నట్టును ఇంకా బిగించకుండా, దగ్గరి గాడి దాకా వెనక్కు తిప్పాలి. చాలా మంది ఇక్కడే పొరపడతారు: వదులు అంతా పోతేనే పని బాగా జరిగిందని భావిస్తారు. కానీ నడిచేటప్పుడు వేడికి లోహం వ్యాకోచిస్తుంది కాబట్టి, డయల్ గేజితో (సన్నటి కదలికను కొలిచే ముల్లు పరికరంతో) కొలిస్తే మాన్యువల్ అనుమతించిన మేరకు, సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతు లోపు, సందు మిగలాలి. అతిగా బిగించిన బేరింగు మాడిపోయి, చివరికి చక్రమే బిగుసుకుపోవచ్చు.

కొత్త స్ప్లిట్ పిన్ను వేసి, దాని కాళ్లు వంచి, మూత కొట్టి, చక్రం బిగించాలి. కాలిపర్ తీసి తిరిగి బిగించి ఉంటే, బండి కదిలించే ముందు బ్రేకు పెడల్ గట్టిపడే వరకు తొక్కాలి. తరువాత ఘాట్ ఎక్కకుండా, గాజువాక వైపు జాతీయ రహదారి మీద 10 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, బ్రేకులు తక్కువగా వాడి, ఆగిన వెంటనే రెండు హబ్బుల దగ్గరా చెయ్యి జాగ్రత్తగా చేర్చి వేడిని పోల్చాలి. ఒకటి రెండోదాని కంటె స్పష్టంగా వేడెక్కితే, బ్రేకు పట్టుకుని ఉందేమో చూసి, ఆ వైపు నట్టు బిగింపును మొదటి నుంచి మళ్లీ సరిచూడాలి.