ఆటిజం ఉన్న పిల్లలకు జోడీ ఆట: ఇద్దరితో మొదలుపెట్టి నలుగురి దాకా

"నలుగురితో కలిస్తే అదే వస్తుంది" అని ఆటిజం ఉన్న బిడ్డను నేరుగా జట్టులో దింపితే, చాలాసార్లు ఆ బిడ్డ గ్రౌండ్ అంచున నిలబడిపోవడమో, చెవులు మూసుకుని బయటికి పరుగెత్తడమో జరుగుతుంది. జట్టు ఆటలో బంతి ఎటు వస్తుందో చూడాలి, మనవాళ్లెవరో గుర్తుంచుకోవాలి, కేకలు భరించాలి, వంతు కోసం ఆగాలి. ఇవన్నీ ఒకేసారి. పైగా ఈ పిల్లల్లో చాలామందికి చూపుకీ చేతికీ పొంతన కుదరడానికి ఎక్కువ సమయం పడుతుంది. అందుకే ఒక బంతి, ఒక జోడీదారు చాలు.

ముందు ఆరోగ్యం సంగతి. ఆటిజం ఉన్నవాళ్లలో మూర్ఛ (ఫిట్స్) ఎక్కువగా కనిపిస్తుంది. ఉంటే ఈత, ఎత్తులెక్కే ఆటల గురించి డాక్టర్‌ను అడగాలి. దాహం, వేడి, నొప్పి కొందరికి ఆలస్యంగా తెలుస్తాయి, తెలిసినా చెప్పలేకపోవచ్చు. కాబట్టి "నీళ్లు కావాలా?" అని అడగడం కాదు, 10 నిమిషాలకోసారి సీసా చేతికివ్వాలి. నీళ్ల దగ్గర ఆడితే పెద్దవాళ్లు చేయి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి. ఈత వచ్చిన బిడ్డ అయినా సరే.

చోటు చిన్నదిగా, హద్దులు కనిపించేలా ఉండాలి. తాడు పరిచినా, నేల మీద టేపు అంటించినా సరిపోతుంది. విజిల్ వద్దు, చెయ్యెత్తడమే సంకేతం. బూట్లు, బంతి, నీళ్లు, "అయిపోయింది" అని నాలుగు ఫొటోలు వరసగా పెట్టి, ఒక్కోటీ పూర్తయ్యాక తిప్పేయండి. చివరి ఫొటోను చాలామంది వదిలేస్తారు. ఎప్పుడు ముగుస్తుందో తెలియని ఆటలోకి ఏ బిడ్డయినా ఎందుకు వస్తుంది?

మొదట్లో వారానికి మూడు రోజులు, 20 నిమిషాలు చాలు: 5 నిమిషాలు గెంతడం, గోడను నెట్టడం, 10 నిమిషాలు జోడీ ఆట, 5 నిమిషాలు నడక. 5–17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతాయి. వైకల్యం ఉన్న పిల్లలకూ అదే సూచన. అక్కడికి నెలల మీద, ముక్కలు ముక్కలుగా చేరుకోవచ్చు.

జోడీదారుకు మూడే మాటలు చెప్పండి: ముందు పేరు పిలువు, బంతి పైకెత్తి చూపించు, 5 సెకన్లు ఆగు. తోటి పిల్లవాడు తోటి పిల్లవాడిగానే ఉండాలి, చిన్న టీచర్ కాకూడదు. పెద్దవాళ్లు బిడ్డ వెనక నిలబడాలి. ముందుకో పక్కకో వస్తే బిడ్డ మీతో ఆడుతుంది, జోడీదారుతో కాదు.

మొదట ఇద్దరూ కాళ్లు చాపి మీటరు దూరంలో కూర్చుని బంతి దొర్లిస్తారు. తర్వాత నిలబడి బెలూన్. అది నెమ్మదిగా వస్తుంది కాబట్టి చూపు దాన్ని వెంబడించగలదు. ఆ తర్వాత పెద్ద మెత్తటి బంతి. పదింటిలో ఎనిమిది పట్టుకోవడం వరసగా రెండు రోజులు జరిగాకే ముందుకెళ్లండి. మార్చేది ఒక్కటే: బంతి గానీ, దూరం గానీ, మనిషి గానీ.

అసలు పని ఇక్కడుంది. ఐదారుసార్లు విసిరాక జోడీదారు బంతి పట్టుకుని ఆగిపోతాడు. బిడ్డ చెయ్యి చాపినా, బంతి వైపు చూసినా, ఫొటో చూపినా, "ఇవ్వు" అన్నా అది అడిగినట్టే; వెంటనే విసరాలి. "కళ్లలోకి చూడు" అని పట్టుబట్టకండి, చూపు అటు పోతే బంతి జారిపోతుంది. సాయం కావాలంటే మోచేతిని తాకండి, మరుసటి వారం సైగ, ఆపై ఏమీ లేదు. పక్కనుంచి "పట్టు, పట్టు" అంటూ ఉంటే, ఆ మాట వినిపించేదాకా కదలకపోవడం అలవాటవుతుంది.

మూడో మనిషి రాగానే వంతు దగ్గర చిక్కొస్తుంది. నిలబడే చోట చిన్న చాప వేసి, ఎవరి వంతయితే వాళ్ల చేతికి వంతు కార్డు ఇవ్వండి. మొదట్లో రెండు విసుర్లకు మించి ఆగనివ్వకండి. నలుగురయ్యాక బకెట్‌లో బంతులు అందించే ఆట మంచిది. గెలుపోటములు చివర్లో చేర్చాలి.

బంతి ఎత్తుకుని పరుగెడితే వెంటపడకండి, అదే ఆట అయిపోతుంది. రెండో బంతితో జోడీ ఆట మొదలుపెట్టి చూడండి. చేతులు ఊపడం, ఊగడం ఆపించాల్సినవి కావు. వాటి వేగం ఎప్పటికంటే పెరిగినా, చెవుల మీదికి చేతులు వెళ్లినా, ఏడుపు రాకముందే ఆట ఆపి, మాటలు తగ్గించి నిశ్శబ్దంగా ఉండే చోటికి తీసుకెళ్లాలి. పరుగును శిక్షగా వాడితే ఆట మీద ఇష్టం పోతుంది.

పదిహేనేళ్లవాళ్ల చేతికి బెలూన్ ఇస్తే చిన్నబుచ్చుకుంటారు. షటిల్, ఫ్రిస్బీ, వంతులవారీగా బాస్కెట్‌లో వేయడం, కలిసి సైకిల్ తొక్కడం వాళ్లకు నప్పుతాయి. మాట్లాడుకోకుండా పక్కపక్కన సైకిల్ తొక్కినా అది కలిసి ఉండటమే. "నీ వంతు", "ఇంకోసారి?", "నాకు బ్రేక్ కావాలి" అన్న మూడు మాటలు ముందే సాధన చేయించండి, మూడోది చాలా గొడవలను ఆపుతుంది.

బిడ్డ ఎన్ని పట్టుకుందో కాదు, సాయం లేకుండా బంతిని ఎన్నిసార్లు అడిగిందో రాసుకోండి. నాలుగో వారానికల్లా రెండో జోడీదారును సిద్ధం చేయాలి. లేకపోతే నేర్చుకున్నది ఒక్క మనిషికే అతుక్కుపోయి, ఆ పిల్లవాడు రాని రోజున ఆట మళ్లీ మొదటికొస్తుంది.