మూతపడిన రైల్వే స్టేషన్ చరిత్ర రాబట్టడం ఎలా

స్టేషన్ ఎప్పుడు మూసేశారంటే ఒక్క తేదీ చెప్పడం కుదరదు. ప్యాసింజర్ ఆగడం, గూడ్స్ ఆగడం, పట్టాలు పీకడం చాలాచోట్ల వేర్వేరు ఏళ్లలో జరిగాయి. నోటుబుక్కులో మూడు గడులు గీసుకుని, దొరికిన ఆధారాన్ని దాని గడిలోనే రాయండి.

గేజ్‌తో మొదలుపెట్టండి. పట్టాల లోపలి అంచుల మధ్య 1676 మి.మీ. ఉంటే బ్రాడ్, 1000 ఉంటే మీటర్, 762 ఉంటే న్యారో. పట్టాలు లేకపోతే మిగిలిన స్లీపరు (పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మె) పొడవు కొలవండి: బ్రాడ్‌కి సుమారు 9 అడుగులు, మీటర్‌కి 6. పట్టా నడుము (పక్కన కనిపించే నిలువు భాగం) మీద ఉబ్బెత్తు అక్షరాల్లో తయారీదారు, ఏడాది, బరువు ఉంటాయి. '90 ఆర్' అంటే గజానికి 90 పౌండ్లు. తుప్పు పట్టి కనపడకపోతే సుద్ద రుద్దండి. చాలామంది ఆ ఏడాదినే స్టేషన్ పుట్టిన ఏడాదిగా రాసేస్తారు, అక్కడే దెబ్బతింటారు. మెయిన్ లైన్లో అరిగిన పట్టాలు బ్రాంచి లైన్లకు వెళ్లేవి, చివరికి కంచె స్తంభాలయ్యేవి.

అనుమతి తీసుకునే వెళ్లండి. రైల్వే స్థలంలో చొరబడితే 1989 చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు పడొచ్చు. పట్టా ముక్క ఇంటికి తెచ్చుకుంటే అది వేరే కేసు.

పట్టాల కింది మట్టికట్ట దున్నేసినా రెవెన్యూ రికార్డు అంత తేలిగ్గా చెరగదు. ఆంధ్ర వైపు అడంగల్‌లో 'రైల్వే పోరంబోకు' అని, ఎఫ్.ఎం.బి.లో (సర్వే నంబర్ల కొలతల పటాల పుస్తకం) సన్నగా, పొడుగ్గా సాగే సర్వే నంబర్లని వెతకండి. ఉపగ్రహ చిత్రంలో అదే గీత పొలం గట్లను లెక్కచేయకుండా ఏటవాలుగా కోసుకుపోతుంది.

ఒక్క పటాన్ని నమ్మితే బోర్లా పడతాం. కాకినాడ–కోటిపల్లి లైన్ 1928లో వచ్చింది, రెండో ప్రపంచయుద్ధ కాలంలో పట్టాలు పీకేశారు, 2004లో మళ్లీ వేశారు. పటం అంచున ముద్రణ ఏడాదితో పాటు సర్వే ఏడాది కూడా చూడండి, రెంటికీ ఏళ్ల తేడా ఉంటుంది. పాత కాగితాల్లో కొకనాడ, బెజవాడ అనే వెతకాలి. దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది 1966 అక్టోబర్ 2న. అంతకుముందు ఫైళ్లు సదరన్, సెంట్రల్ రైల్వేల పేరిట ఉంటాయి. నైజాం లైన్లయితే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగండి.

పెద్దవాళ్లను 'ఏ సంవత్సరం?' అని అడగొద్దు. 'దివిసీమ ఉప్పెనకి ముందా, తర్వాతా?' అనండి. అది 1977 నవంబర్ 19. వాళ్ల జవాబులు ఎక్కువగా ప్యాసింజర్ గడిలోకే వస్తాయి. గూడ్స్ సంగతి కావాలంటే బియ్యం మిల్లు గుమాస్తాల్ని పట్టుకోవాలి.