ప్రీమెడ్ మొదటి ఏడాది జీపీఏ దెబ్బతిన్నాక నాకు పనిచేసిన పద్ధతి

అమెరికాలో మెడికల్ స్కూల్‌కి ముందు చేసే డిగ్రీ చదువే ప్రీమెడ్; జీపీఏ అంటే అందులో గ్రేడ్ల సగటు. గంటలకొద్దీ చదివినా కెమిస్ట్రీలో సీ గ్రేడు దాటట్లేదు. నోట్సు తిరగరాయడం, హైలైటర్లు, వీడియోలు, గ్రూప్ స్టడీ: ఏవీ పనికిరాలేదు.

పనిచేసింది ఇది. ముందు పాత మిడ్‌టర్మ్ పేపర్లు తీసి (చేతికివ్వకపోతే ప్రొఫెసర్‌ని కలిసే ఆఫీస్ అవర్స్‌లో అడిగి చూడొచ్చు), పోయిన ప్రతి మార్కు పక్కన ఒక గుర్తు: తెలియక పోతే 'తె', తెలిసీ వాడలేకపోతే 'వా', తొందరలో పోతే 'తొ'. 'వా'లే ఎక్కువ. లిమిటింగ్ రియేజెంట్ (రసాయన చర్యలో ముందుగా అయిపోయే పదార్థం) నిర్వచనం నోటికొచ్చు, లెక్కలో మాత్రం మోల్స్‌లోకి మార్చకుండా గ్రాములు పోల్చేయడం, అలాంటివి. అందుకని లెక్చర్ అయిన రోజే పుస్తకం మూసి ఐదారు లెక్కలు. ఆగిన చోట గీత గీశాకే జవాబు చూడాలి. తప్పినవి రెండ్రోజుల తర్వాత, మళ్ళీ వారానికి, ఖాళీ కాగితం మీద.

రిటేక్‌కి, అంటే అదే కోర్సు మళ్ళీ చేయడానికి, తొందరపడొద్దు. ఆమ్‌కాస్ (అమెరికా మెడికల్ స్కూళ్ళ ఉమ్మడి దరఖాస్తు సేవ) పాత గ్రేడునూ కలిపే లెక్కిస్తుంది. సీ వస్తే పై కోర్సులో ఏ తెచ్చుకోవడమే మేలనిపిస్తుంది. సీ మైనస్ అయితే చాలా మెడికల్ స్కూళ్ళు ఒప్పుకోవు, రిటేక్ తప్పకపోవచ్చు. 30 క్రెడిట్లకు జీపీఏ 3.0 ఉన్నా, తర్వాతి 90కి 3.8 వస్తే మొత్తం 3.6.

'తె'లు ఎక్కువున్నవాళ్ళకు ఇదొక్కటే చాలదేమో. నిద్రలేమో, పార్ట్‌టైమ్ పని గంటలో కారణమైతే ముందు అవి తేల్చుకోవాలి.